పెద్దాయన అందుకున్న మెట్టు

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు చచ్చిపోయిన మనుషులు పాడేవాళ్ళు. గుడి నుంచి వచ్చి, చీర మార్చుకుని, నేను కూరకి మసాలా నూరుకునేలోపు ముందుగదిలో మా మామగారు గ్రామఫోను పెట్టెకి కీ ఇచ్చేవారు. ముల్లు పెట్టగానే రేకుల షెడ్డు మీద వాన పడుతున్నట్టు ఒక సొద. ఆ సొదలోంచి ఎక్కడో దూరంగా ఓ మగగొంతు. పెళ్ళయిన కొత్తలో అది వింటే నాకు వెన్నులో చలి పుట్టేది. పాట బాగోలేక కాదు. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన మనిషి, పాట ఎత్తుకునే ముందు మా ముందుగదిలో ఊపిరి పీల్చుకోవడం స్పష్టంగా వినపడేది. మా ఆయన దాన్నే చూపించి, విన్నావా, ఇప్పుడు పీల్చాడు చూడు అని మురిసిపోయేవారు. పీల్చిన ఆ ఊపిరి ఎక్కడికి పోయిందా అని నాకు దిగులుగా ఉండేది.

నేను పాటలున్న ఇంట్లో పుట్టలేదు. మా పుట్టింట్లో రేడియో కూడా వార్తలకే పెట్టేవాళ్ళు. గన్నవరంలో ఒక జూనియర్ కాలేజీలో క్లర్కు ఉద్యోగం, పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు. అలాంటి దాన్ని తీసుకొచ్చి ఈ తండ్రీకొడుకుల మధ్య పడేశారు. ఒకరికి హార్మోనియం పిచ్చి, ఇంకొకరికి పాట పిచ్చి. కూర మాడిపోతోందన్నా లేచేవాళ్ళు కాదు.

ఆ ప్లేట్లు ఇటలీవి. మామగారి సొంతూరు చల్లపల్లి దగ్గర. ఆ ఊరి చర్చి విచారణకి ఒకప్పుడు ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ గారుండేవారట. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి. వయసు మీదపడి సొంత దేశం వెళ్ళిపోతూ, తన గ్రామఫోను పెట్టెనీ ప్లేట్లనీ మామగారి చేతుల్లో పెట్టి వెళ్ళారు. మామగారు ఆదివారాలు గుళ్ళో హార్మోనియం వాయించేవారు, మిగతా రోజులు పద్యనాటకాలకి వాయించేవారు. దేవుడెవరైనా శ్రుతి ఒకటేనమ్మాయ్ అనేవారు నాతో.

ప్లేట్ల మీద ఉన్నది ఒపేరా. వాళ్ళ పద్యనాటకమే అనుకోండి. మాట తక్కువ, పాట ఎక్కువ, కథానాయకుడు ప్రాణం పోయేముందు కూడా తాపీగా రాగం తీసి మరీ పోతాడు. ఆ కథానాయకుల పైస్థాయి గొంతుల్ని టెనర్లంటారని ఫాదర్ గారు చెప్పారట. ప్లేటు మధ్యన కాగితం మీద వాళ్ళ పేర్లు ఉన్నాయి గానీ, ఆ అక్షరాలు కూడబలుక్కునే ఓపిక మా ఇంట్లో ఎవరికుంది? మామగారే పేర్లు పెట్టేశారు. ఒకాయన నేతిగొంతు. స్వరం నుంచి స్వరానికి జారేటప్పుడు ఎక్కడ వదిలాడో, ఎక్కడ పట్టుకున్నాడో తెలియనిచ్చేవాడు కాదు. ఇంకొకాయన తొందరమనిషి. ప్లేటు మీద పట్టేది కాసింతే కాబట్టి, అది అయిపోతుందేమోనన్న భయంతో తోసుకుంటూ పాడేవాడు. అందరికన్నా పైన పెద్దాయన. పెద్దాయన ప్లేటుకి ఒకవైపే పాట. రెండోవైపు నున్నగా అద్దంలా ఉంటుంది. ఆ నున్నటి వైపు చూడ్డం ఎందుకో నాకు నచ్చేది కాదు.

ఆ ప్లేట్లు ఎలా వినాలో నాకు నేర్పింది మా ఆయనే. అప్పట్లో మైకుల్లేవు, గోడలోంచి పొడుచుకొచ్చిన బాకాలోకి మొహం పెట్టి పాడాలి, పై స్వరం వచ్చినప్పుడు వెనక్కి జరగాలి, లేకపోతే ప్లేటు మీద పడే గీత చెడిపోతుంది అని చెప్పి, జాగ్రత్తగా వింటే పెద్దాయన వెనక్కి వేసిన అడుగు వినపడుతుంది అనేవారు. ఇదంతా కోతలనుకున్నాను చాలాకాలం. ఒక ఆదివారం సగం తరిగిన ఉల్లిపాయ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. పెద్దాయన ఆఖరి స్వరానికి ఎక్కుతున్నాడు. ఎక్కుతూ ఎక్కుతూ, కాస్త దూరమయ్యాడు. గొంతు తగ్గలేదు, మనిషి దూరమయ్యాడు. ఒక్క అడుగు. నిజంగా విన్నాను. ఆ రోజు నుంచి నేనూ వాళ్ళలో మనిషినయిపోయాను. కూరలు ఇంకా ఎక్కువ మాడాయి.

ఇక అసలు సంగతి. మా ఆయన పసివాడిగా ఉన్నప్పుడు జబ్బు చేసి చేతుల్లోంచి జారిపోబోతుంటే, మా అత్తగారు మరియమాతకి మొక్కుకున్నారట. వీడు బతికితే ఏటా ఊరి గుడి పండగలో నీ మీద కీర్తన పాడిస్తాను తల్లీ అని. బతికారు. మామగారు పెద్దాయన ప్లేటు వరసకి తెలుగు మాటలు కూర్చి కీర్తన కట్టారు. అచ్చం ప్లేటు మీద లాగే, ఆఖర్న ఆ పై స్వరం. దానికి మా పద్ధతిలో ఓ రాగం తగిలించారు. అత్తగారు పోయినా మొక్కు పోలేదు. ప్రతి ఏడూ తేరు తిరిగొచ్చాక స్టేజీ మీద మా ఆయన పాడాల్సిందే, జనం వన్స్ మోర్ అని అరవాల్సిందే, మళ్ళీ ఆ ఆఖరి చరణం పాడాల్సిందే.

ఆ పై స్వరం పలికే హార్మోనియం మెట్టు మీద మామగారు తెల్లరంగు చుక్క పెట్టుకున్నారు. వాళ్ళ లోకంలో మనిషి పరువంతా ఆ మెట్లలోనే ఉంటుంది. ఫలానా నటుడు ఎంత శ్రుతిలో పాడతాడు అని, ఎన్నెకరాలున్నాయి అన్నట్టు అడుగుతారు. వయసు పైబడి ఒక మెట్టు దించుకున్న వాడి గురించి గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు, మనిషి పోయినట్టు. మా ఆయనకి నలభై దాటి చాలా కాలమైనా చుక్క పెట్టిన మెట్టు వదల్లేదు. పెద్దాయన అందుకున్నది నా కొడుకు అందుకుంటాడు అనేవారు మామగారు, వచ్చినవాళ్ళందరితో. నాకది దిష్టి తగిలే మాటలా ఉండేది.

కిందటి వానాకాలంలో మొదలైంది. మా ఆయనకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. ఒకవైపు లేతు మిషన్లు, ఒకవైపు డెంటింగ్ సుత్తులు, ఆ మోతలో పొద్దుటి నుంచి సాయంత్రందాకా అరుస్తూ బేరాలు. సాయంత్రం ఇంటికొచ్చి మంచినీళ్ళడిగితే ఆ మాట సగంలో చిరిగింది. జలుబన్నారు. మిరియాల కషాయం పెట్టిచ్చాను. కషాయాలు అయిపోయాయి గానీ ఆ చిరుగు పోలేదు. ఆదివారం ప్లేటు పెట్టుకుని మా ఆయన పెద్దాయనతో కలిసి పాడుతుంటే మామగారు వేలితో తొడమీద తాళం వేస్తూ కళ్ళు మూసుకున్నారు. ఆయనకి వినపడలేదో, వినదలుచుకోలేదో. నాకు వినపడింది. పైకి ఎక్కేచోట గొంతులో ఏదో గీసుకుంది, గుడ్డలో ముల్లు పడ్డట్టు. ఇన్నేళ్ళూ అడుగు చప్పుళ్ళు వినడం నేర్పారు కదా, ఇప్పుడు వినకుండా ఉండమంటే ఎలా?

ఒక పొద్దున పళ్ళు తోముకుని ఉమ్మిన చోట ఎర్రటి జీర కనిపించింది. చిగురు గీసుకుందన్నారు. ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టి, చొక్కా పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసి, సూర్యారావుపేటలో ఒక గొంతు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరు గారు ముక్కులోంచి సన్న గొట్టం పంపి లోపల ఎలా ఉందో తెర మీద చూపించారు. మాట పలికించే తెల్లటి పొరలు రెండు, ఒకదాని అంచున ఎర్రటి నెత్తురు పొక్కు. గొంతుకి అందని చోటికి ఏళ్ళ తరబడి లాగితే ఇలా అవుతుందన్నారు. కొన్ని వారాలు పూర్తిగా మౌనంగా ఉండాలి, పై స్థాయి పాటలు ఇక మానుకోవాలి, అది చిట్లితే మాటైతే వస్తుంది గానీ పాట సంగతి చెప్పలేను అని ఆయన మామూలుగా, పంటి నొప్పి గురించి చెప్పినట్టు చెప్పేశారు. మా ఆయన తలూపారు. ఆ తలూపడం చూస్తే నాకు తెలిసిపోయింది, పండగ మానరని. గది బయటికి రాగానే అదే అన్నారు. అప్పటిదాకా నోరు విప్పను, పండగ రోజొక్కటి పాడి ఆ తర్వాత జన్మంతా మూసుకుంటా, నాన్నకి మాత్రం చెప్పకు అన్నారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆయన మందులు తీసుకోవడానికి కిందికి వెళితే, బెంచీ మీద కూర్చుని ఆ కోపమంతా పెద్దాయన మీదికి మళ్ళించాను. ఈ మనిషి వల్లే కదా ఇదంతా! ఇంత పైకి ఎక్కి పాడినవాడి గొంతు మాత్రం ఏమీ కాలేదా? ప్లేటు మధ్య కాగితం మీది అక్షరాలు ఇన్నేళ్ళుగా చూస్తూ చూస్తూ నాకు కంటికి అంటుకుపోయాయి. వాటినే ఫోన్లో కొట్టాను. ఎక్కడో విదేశంలో పాత ప్లేట్ల పిచ్చివాడొకడు సరిగ్గా ఆ ప్లేటే పెట్టాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను.

ఎవరో వేరే మనిషి పాడుతున్నాడు. పాట అదే, సొద అదే, ఊపిరి పీల్చేచోటు అదే. కానీ ఆ గొంతు బరువుగా, నిదానంగా, ఛాతీ ఉన్న మనిషి గొంతులా ఉంది. మా ఇంట్లో పెద్దాయన దబ్బనంలా గుచ్చుకుంటాడు. ఈయన అలా కాదు, భుజం మీద చెయ్యేసినట్టు ఉన్నాడు. ఆఖరి స్వరానికి ఎక్కాడు, అడుగు వెనక్కి వేశాడు, అక్కడ హాయిగా నిలబడ్డాడు. ఫోను పాడైందనుకున్నాను. కింద ఆ ప్లేట్ల మనిషి రాసింది చదివాను. ఆ కాలంలో అన్ని ప్లేట్లూ ఒకే వేగంతో చెయ్యలేదనీ, పెట్టెని తన ఇష్టం వచ్చిన వేగంతో తిప్పితే గాయకుడి స్థాయే మారిపోతుందనీ, ఇది మాత్రం ఆయన నిజంగా పాడిన స్థాయికి సరిచూసి పెట్టాననీ ఉంది దాని సారం.

ఇంటికి రాగానే హార్మోనియం ముందు కూర్చున్నాను. మా ఆయన షాపుకి వెళ్ళారు, మామగారు వెనకాల స్నానం చేస్తున్నారు. ఎడంచేత్తో తిత్తి కదుపుతూ చుక్క పెట్టిన మెట్టు నొక్కి, ఫోన్లో ఆఖరి స్వరం వినిపించాను. కలవలేదు, చెవి కోసేసినట్టు ఉంది. దాని కింది మెట్టు నొక్కాను. గొంతూ మెట్టూ ఒకటైపోయాయి, ఏది ఏదో తెలియనంతగా. పెద్దాయన జన్మలో మా చుక్క మెట్టు అందుకోలేదు. ఒక మెట్టు కిందే ఆగాడు. ఆయన ఎక్కని చోటికి మా ఆయన ఇన్నేళ్ళూ ఎక్కుతున్నారు.

మామగారు తల తుడుచుకుంటూ వచ్చి, హార్మోనియం ముందు నన్ను చూసి నవ్వబోయారు. నా మొహం చూసి మానుకున్నారు. నేను గ్రామఫోను వేగం సంగతి అడిగాను. ఆయన దాచలేదు. దాచాల్సిందేదో ఉందని ఆయనకి తెలిస్తే కదా.

"ఫాదర్ గారిచ్చిన రోజున పెట్టి చూస్తే పెద్దాయన రెండు మెట్ల మధ్యన పడ్డాడమ్మాయ్. అటూ కలవడు, ఇటూ కలవడు. హార్మోనియం మెట్లని మార్చలేం కదా. అందుకని పెట్టె వేగం పెంచే స్క్రూ తిప్పి పై మెట్టుకి కలిపా."

"కింది మెట్టుకి కలపొచ్చు కదండీ మామయ్య గారూ."

ఆయన నావంక విచిత్రంగా చూశారు. "కిందకెవరన్నా కలుపుతారా అమ్మా?"

అంతే. అందులో దురాశ లేదు, మోసం లేదు. జీవితమంతా నటుల్ని ఒక మెట్టు పైకి తోసిన వేళ్ళు ఆయనవి. పెద్దాయన్నీ తోశాయి. చచ్చిపోయిన వాడికి నొప్పి తెలియలేదు. బతికున్నవాడు ఆ ప్లేటు పక్కన నిలబడి పాడాడు. నేను ఫోన్లో పాట వినిపించి, పక్క పక్కన రెండు మెట్లూ నొక్కి చూపించాను. తర్వాత డాక్టరు గారు చెప్పిందీ చెప్పేశాను. మా ఆయన చెప్పొద్దన్నారు నిజమే, కానీ ఇలాంటివి దాచడానికి నేనేం రాయిని కాదు. మామగారు మంచం అంచున కూర్చుండిపోయారు. తల మీద తడి తువ్వాలు అలాగే ఉంది, నీళ్ళు మెడ మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పేద్దామన్నాను. మామగారు చేతులు పట్టుకున్నంత పని చేశారు. ఇది తన నోటితో తనే చెప్పాల్సిన మాటట. పండగ ముందు చెబితే వాడు గుండె చెదిరి స్టేజీ ఎక్కుతాడు, ఎక్కకుండా మాత్రం ఉండడు, వాళ్ళమ్మ మొక్కు అది అన్నారు. ఆలోచించి ఉపాయం కూడా ఆయనే చెప్పారు. పండగ రోజు హార్మోనియం తన చేతిలోనే ఉంటుంది కదా, కీర్తన మొత్తం ఒక మెట్టు దించి ఎత్తుకుంటాను, హార్మోనియం ఎక్కడ ఎత్తితే పాడేవాడు అక్కడ పాడతాడు, జనానికి తెలియదు, వాడి గొంతు దక్కుతుంది, ఆ రాత్రే అన్నీ చెప్పేస్తాను అన్నారు. ఇన్నేళ్ళలో ఒక్కరినీ కిందికి దించని మనిషి, కొడుకుని దించుతానన్నారు. నేను కాదనలేకపోయాను. కానీ మనసు ఏదో కీడు శంకిస్తూనే ఉంది.

పండగదాకా మా ఇల్లు మూగదైపోయింది. మా ఆయన అన్నమాట ప్రకారం పెదవి విప్పలేదు. షాపులో బేరింగుల డబ్బాల అట్టముక్కల మీద రాసి బేరాలు చేశారు. ఇంట్లో చేతి సైగలు. మూతి బిగించుకున్న మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో పోట్లాడిన వాళ్ళకే తెలుస్తుంది. పాట వింటే ఉండబట్టలేరని ప్లేట్లు కూడా పెట్టడం మానేశారు మామగారు. ఆదివారాలు కీ చప్పుడు లేదు, సొద లేదు. తండ్రి కొడుకు వైపు చూస్తూ కూర్చునేవారు, ఏదో చెప్పబోయి మంచినీళ్ళు తాగేవారు.

పండగ రోజు మధ్యాహ్నం కరకట్ట మీదుగా చల్లపల్లి వైపు కారులో బయల్దేరాం. హార్మోనియం డిక్కీలో పెట్టనివ్వకుండా మామగారు ఒళ్ళో పెట్టుకున్నారు. అటు కృష్ణలో నీళ్ళు తక్కువ, ఇసుక మేటలే ఎక్కువ. ఇటు చేలల్లో కోతలైపోయి మినుము మొలిచి ఉంది. దారి పొడుగునా మామగారు హార్మోనియం మూత మీది దుమ్ము తుడుస్తూనే ఉన్నారు. మా ఆయన మాత్రం హుషారుగా ఉన్నారు. ఇన్ని వారాల మౌనంతో గొంతు బాగుపడిందని ఆయన నమ్మకం. గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి, బాగుందన్నట్టు నాకు సైగ చేశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పూజ అయింది. తేరు ఊరంతా తిరిగి పొద్దుగూకే వేళకి వచ్చింది. పట్టుబట్టలు, పూలదండలు, వేయించిన సెనగల వాసన, మైకువాడి గోల. స్టేజీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, హార్మోనియం మెట్లు కనపడే చోట కూర్చున్నాను. మామగారు తిత్తి కదిపి శ్రుతి అందించారు. కింది మెట్టులోనే. నా గుండెల్లోంచి ఒక బరువు జారింది. మా ఆయన కుడిచెయ్యి చెవి వెనక పెట్టుకుని ఎత్తుకున్నారు.

ఎంత బాగా పాడారు! ఆ మొదటి చరణం వింటూ ఏడ్చేశాను. ఫోన్లో విన్న మనిషి లాగే, ఛాతీలోంచి, నిదానంగా, లాగుడు లేకుండా. నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతు అంత సుఖంగా ఉండగా నేను వినలేదు. రెండో చరణం మధ్యలో ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. హార్మోనియం వైపు చూశారు. ఎక్కడో తేడా ఉందని చెవి చెప్పింది, కళ్ళు వెతికాయి. తండ్రి వేళ్ళు చుక్క మెట్టుకి తగ్గట్టు లేవు. చూసి, చిన్నగా నవ్వారు. ఆ నవ్వేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. చరణం అయిపోయి మళ్ళీ ఎత్తుకునేచోట, ఆయన హార్మోనియం కోసం ఆగకుండా, తనే ఒక మెట్టు పైన ఎత్తుకున్నారు. జనానికి అదో గమ్మత్తుగా అనిపించి చప్పట్లు కొట్టారు.

నేను మామగారి చేతుల వైపు చూశాను. దిగి ఉండండి మామయ్య గారూ, కదలకండి అని లోపల లోపలే వేడుకున్నాను. వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ తర్వాత ఒక్కసారిగా పైకి జరిగాయి, కొడుకు గొంతు వెంట.

ఆఖరి స్వరం వచ్చింది. చుక్క మెట్టు. అందుకున్నారు. పందిరంతా లేచి నిలబడింది. వన్స్ మోర్, వన్స్ మోర్ అని ఈలలు. మా ఆయన మొహం వెలిగిపోతోంది. మళ్ళీ ఆఖరి చరణం ఎత్తుకున్నారు. పై స్వరానికి ముందు ఊపిరి పీల్చారు. మైకులో ఆ ఊపిరి ఊరంతా వినపడింది. అలవాటు ప్రకారం ఒక అడుగు వెనక్కి వేశారు. నోరు తెరిచారు. ఏమీ రాలేదు. గాలి కూడా రాలేదు. మామగారి వేలు మాత్రం చుక్క మెట్టు మీదే ఉండిపోయింది. అడిగేవాళ్ళు లేని ఆ స్వరం ఒక్కటే అలా మోగుతూ ఉంది. జనం అదీ పాటలో భాగమేననుకున్నారు. ఆయన పెదవి అంచున ఎర్రగా కనిపించాకే మైకువాడు మైకు కట్టేశాడు.

ఆసుపత్రిలో ఆ పొక్కు చిట్లిందన్నారు, కుట్టాల్సిందేమీ లేదు, మానాలంతే అన్నారు. మంచం మీద కూర్చుని మా ఆయన జేబులోంచి అట్టముక్క తీసి నాకు రాసిచ్చారు. నాన్నకి చూపు బాగా తగ్గింది, మెట్లు కనపడక తప్పు ఎత్తుకున్నాడు, జనంలో నామోషీ అవుతుందని నేనే సర్దేశాను, కంటి డాక్టరుకి చూపించు అని ఉంది. ఆ నవ్వు అర్థమైంది నాకు. గుమ్మం దగ్గర నిలబడ్డ మామగారు ఏం రాశాడని అడిగారు. అట్టముక్క మడిచి హ్యాండుబ్యాగులో పడేశాను. అసలు సంగతి ఆ రాత్రే చెబుతానన్న మనిషి ఆ రాత్రి చెప్పలేదు. వాడు వెళ్ళాడు, నా వేళ్ళు వెళ్ళాయమ్మాయ్ అని మాత్రం నాతో అన్నారు. పాడేవాడి వెంట వెళ్ళడం తప్ప ఆ వేళ్ళకి ఇంకోటి తెలియదు. ఆయన్ని కోప్పడదామని నోటిదాకా వచ్చింది. కోప్పడలేకపోయాను.

మాట వచ్చింది. గరుకు కాగితం మీద గీసినట్టుండే మాట. ఆటోనగర్‌లో బేరాలకి అది చాలు. పాట రాలేదు. ఇక రాదని డాక్టరు గారు ఈసారి కూడా మామూలుగానే చెప్పారు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం మధ్యాహ్నం, వంటింట్లో ఉన్న నాకు చాలా కాలానికి కీ ఇస్తున్న చప్పుడు వినపడింది. స్టవ్ కట్టేసి గుమ్మంలోకి వచ్చాను. మామగారు పెట్టె పక్కన హార్మోనియం పెట్టుకుని కూర్చున్నారు. చుక్కకి కింది మెట్టు నొక్కిపట్టి, తిరుగుతున్న ప్లేటు వింటూ, తిత్తి కదిపిన చేత్తోనే మధ్య మధ్య స్క్రూ కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పుతున్నారు. పెద్దాయన గొంతు క్షణ క్షణానికీ బరువెక్కుతూ, దిగుతూ, దిగుతూ వచ్చి మెట్టులో కలిసిపోయింది. అప్పుడు లేచి కొడుకుని పిలిచారు. ముల్లు మళ్ళీ మొదటికి పెట్టి, వేలు మళ్ళీ ఆ మెట్టు మీద ఉంచారు. చెబుతానన్న మాట చెప్పడానికి నోరు తెరిచారు గానీ రాలేదు. పెద్దాయన చెప్పడం మొదలుపెట్టాడు.

మా ఆయన కుర్చీలో కూర్చుని, అలవాటుగా చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. మొదట ఎవరో కొత్త మనిషనుకున్నట్టు చూశారు. ఊపిరి పీల్చేచోట గుర్తుపట్టారు. ఆఖరి స్వరం దగ్గర ఆయన పెదాలు ఆ స్వరం ఆకారంలో తెరుచుకున్నాయి, చప్పుడు లేకుండా. పాట అయిపోయింది. ఆయన పెట్టె వైపు చూశారు, స్క్రూ వైపు చూశారు, తండ్రి వేలు ఉన్న మెట్టు వైపు చూశారు. పండగ రోజు ఆ వేళ్ళు ఎక్కడ మొదలయ్యాయో గుర్తుకొచ్చింది కాబోలు.

"ఇదైతే నాకు అందేది నాన్నా," అన్నారు ఆ గరుకు గొంతుతో. "ఇదైతే ముసలాణ్ణయ్యేదాకా అందేది."

ఆ మాటలో కోపం ఉంటే మామగారు బతికిపోయేవారు. లేదు.